48 ఏళ్ళు నడిచిన ఒక్క ప్రాజెక్టు: హెరాల్డ్ కోహెన్, ఆరన్, మా అమ్మమ్మ ముగ్గుల పుస్తకం

ఇవాళ ఎపిసోడ్‌కి ముందు నా గురించి ఒక చిన్న నిజం ఒప్పుకోవాలి.

నా ల్యాప్‌టాప్‌లో ‘ముగ్గు’ అని ఒక ఫోల్డర్ ఉంది. 2020 లాక్‌డౌన్‌లో క్రియేట్ చేశాను. దాని కింద ‘ముగ్గు కొత్తది’, దాని కింద ‘ముగ్గు ఫైనల్’, దాని కింద ‘ముగ్గు ఫైనల్ 2’. సాఫ్ట్‌వేర్‌లో పని చేసినవాళ్ళకి ఈ కథ వేరే చెప్పక్కర్లేదు. ‘ఫైనల్’ అని పేరు పెట్టామంటేనే అది ఫైనల్ కాదని అర్థం.

విషయం ఏంటంటే, మా అమ్మమ్మ దగ్గర ఒక పాత లాంగ్ నోట్‌బుక్ ఉంది. అందులో అన్నీ ముగ్గులే. పెళ్ళైన దగ్గర్నుంచి ఎక్కడ మంచి ముగ్గు కనబడితే అక్కడ, పక్కింటి వాకిట్లోనో, వారపత్రికలోనో చూసి, ఆ పుస్తకంలో ఎక్కించుకుంది. నూటనలభై దాకా ఉంటాయి. ఇప్పుడు ఆవిడ మోకాళ్ళు వంగవు. చెయ్యి కొంచెం వణుకుతుంది. పుస్తకమేమో పేజీలు ఊడిపోతోంది. నేను బీటెక్ చదివి, నాలుగేళ్ళు ఆఫీసులో జావా రాసినవాణ్ణి కదా, ‘అమ్మమ్మా, నీ ముగ్గులన్నీ కంప్యూటర్ వేసేలా ప్రోగ్రామ్ రాస్తా’ అని మాటిచ్చేశా. ఆ మాటిచ్చి నాలుగేళ్ళు దాటింది.

ఎందుకు పూర్తి కాలేదు? టైమ్ లేక కాదు. ఆ ప్రశ్నకి సమాధానం నాకు ఒక పెయింటర్ చరిత్ర చదువుతుంటే దొరికింది. ఆయన కూడా సొంతంగా ఒక ప్రోగ్రామ్ మొదలుపెట్టాడు, బొమ్మలు వేసేది. 1968లో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. 2016లో చనిపోయే దాకా అదే పని చేశాడు. ఆయన పేరు హెరాల్డ్ కోహెన్. ప్రోగ్రామ్ పేరు ఆరన్. ఇవాళ మన కథ అదే.

పేరున్న పెయింటర్, పంచ్ కార్డులు

హెరాల్డ్ కోహెన్ 1928లో లండన్‌లో పుట్టాడు. అక్కడి స్లేడ్ స్కూల్‌లో చిత్రకళ చదివాడు. 1960లలో బ్రిటన్‌లో పేరున్న అబ్‌స్ట్రాక్ట్ పెయింటర్. ఎంత పేరంటే, 1966లో వెనిస్ బినాలేకి బ్రిటన్ తరఫున పంపిన కళాకారుల్లో ఆయన ఒకడు. మన భాషలో చెప్పాలంటే, దేశం తరఫున ఆడే టీమ్‌లో చోటు. ముఖ్యంగా రంగుల విషయంలో ఆయన చెయ్యి గట్టిది. ఈ రంగుల సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

1968లో ఆయన కాలిఫోర్నియా యూనివర్సిటీ శాండియెగో క్యాంపస్‌కి విజిటింగ్ టీచర్‌గా వెళ్ళాడు. ఒక్క ఏడాది కోసం వెళ్ళినవాడు అక్కడే ఉండిపోయాడు. అక్కడ జెఫ్ రాస్కిన్ అనే కుర్రాడు పరిచయమయ్యాడు. ఈ పేరు ఎక్కడో విన్నట్టుందా? తర్వాత యాపిల్‌లో మాకింటాష్ ప్రాజెక్టు మొదలుపెట్టిన జెఫ్ రాస్కిన్ ఈయనే. ఆయన కోహెన్‌ని ప్రోగ్రామింగ్‌లోకి దింపాడు.

ఒక్క నిమిషం ఆలోచించండి. మనిషికి నలభై ఏళ్ళు. కెరీర్ టాప్‌లో ఉంది. స్క్రీన్ లేదు, మౌస్ లేదు. ఫోర్‌ట్రాన్‌లో రాయాలి, పంచ్ కార్డులు గుచ్చాలి, కట్ట తీసుకెళ్ళి ఇవ్వాలి, రిజల్ట్ కోసం ఎదురు చూడాలి. ఒక్క కార్డులో తప్పుంటే మళ్ళీ మొదటికి. ఇవాళ మన కోడ్ రన్ అవడానికి పది సెకన్లు పడితే ఫోన్ తీసి రీల్స్ చూస్తాం.

ఆయన ఒక్కడే మొదటివాడు అనుకోకండి. కంప్యూటర్ బొమ్మలు అప్పటికే వచ్చాయి. 1965 ఫిబ్రవరిలో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో గియోర్గ్ నీస్ బొమ్మలు ప్రదర్శనకు పెట్టారు. అదే ఏడాది ఏప్రిల్‌లో న్యూయార్క్ హోవర్డ్ వైజ్ గ్యాలరీలో బెల్ ల్యాబ్స్ ఇంజనీర్ మైఖేల్ నోల్, ఆయన సహోద్యోగి బేలా యూలెస్ బొమ్మలు పెట్టారు. నోల్ గురించి ఒక సరదా ముక్క: తన బొమ్మకి కాపీరైట్ కోసం అప్లై చేస్తే, ‘ఇది మెషిన్ వేసింది కదా’ అని అమెరికా కాపీరైట్ ఆఫీసు మొదట ఒప్పుకోలేదు. ఆ మెషిన్‌కి ప్రోగ్రామ్ రాసింది మనిషే అని నోల్ వివరించుకోవాల్సి వచ్చింది. చివరికి ఇచ్చారు. ఏఐ బొమ్మల మీద ఇవాళ మనం చేసుకునే గొడవ 1965లోనే మొదలైందన్నమాట.

కానీ నీస్, నోల్ వీళ్ళు లెక్కల వైపు నుంచి వచ్చినవాళ్ళు. కోహెన్ కుంచె వైపు నుంచి వచ్చాడు. అందుకే ఆయన ప్రశ్న వేరు. ‘కంప్యూటర్‌తో ఎలాంటి కొత్త డిజైన్లు వస్తాయి?’ అని ఆయన అడగలేదు. ‘ఒక గీత ఎప్పుడు బొమ్మ అవుతుంది?’ అని అడిగాడు. కాగితం మీద మూడు గీతలు గీస్తే మన కళ్ళు వాటిని కొండ అనో, మొహం అనో ఎందుకు చూస్తాయి? కనీసం ఎన్ని రూల్స్ ఉంటే ఒక గీతల గుంపు మనకి ‘ఇదేదో చెప్తోంది’ అనిపిస్తుంది?

ఇదే ఐడియా. మొత్తం 48 ఏళ్ళ ప్రాజెక్టుకి మూలం ఈ ఒక్క ప్రశ్న. నేను నా ‘ముగ్గు’ ఫోల్డర్ తెరిచి చూసుకుంటే, నాలుగేళ్ళలో నేను ఒక్క ప్రశ్న కూడా రాసుకోలేదు. ఫీచర్ల లిస్టు మాత్రం రెండు పేజీలు ఉంది.

రాళ్ళ మీద గీతలు, పిల్లల పిచ్చి గీతలు

1970ల మొదట్లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ నుంచి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్ ఆయన్ని అక్కడి ఏఐ ల్యాబ్‌కి పిలిచాడు. ఆరన్ అనే పేరుతో ప్రోగ్రామ్ రూపం దిద్దుకుంది ఆ రోజుల్లోనే. అదే కాలంలో కోహెన్ కాలిఫోర్నియాలో ఛాల్‌ఫాంట్ లోయ అనే చోటికి వెళ్ళాడు. అక్కడ ఎప్పుడో ఆదివాసులు రాళ్ళ మీద చెక్కిన గుర్తులు ఉన్నాయి. వాటి అర్థం ఆయనకి తెలీదు. అయినా చూస్తే ఊరికే గీసినట్టు అనిపించదు, ఏదో ఉద్దేశం ఉందనిపిస్తుంది. గీసినవాడి మనసులో ఏముందో తెలియకపోయినా చూసేవాడికి అర్థం పుడుతోందంటే, ఆ అర్థంలో కొంత భాగం గీతల్లోనే, మన చూపులోనే ఉందన్నమాట.

అక్కణ్ణుంచి ఆయన చాలా చిన్న రూల్స్‌తో మొదలుపెట్టాడు. గీత తనలో తాను కలిసి మూసుకుంటే ఒక ఆకారం. మూసుకున్నదానికి లోపల ఉంటుంది, బయట ఉంటుంది. ఒక ఆకారం ఉన్న చోట ఇంకోటి రాకూడదు, వస్తే దాని వెనక నుంచి వచ్చినట్టు ఉండాలి. ఇంతే. మనిషి బొమ్మ లేదు, చెట్టు బొమ్మ లేదు. ఫోటో ఒక్కటి కూడా లోపల లేదు.

ఇక గీత గీసే పద్ధతి ఇంకా బాగుంటుంది. మామూలుగా కంప్యూటర్‌తో ఇక్కణ్ణుంచి అక్కడికి గీత గియ్యమంటే తిన్నగా గీసేస్తుంది. ఆరన్ అలా చెయ్యదు. గమ్యం ఎక్కడో తెలుసు, కానీ వెళ్తూ వెళ్తూ ‘నేను ఇప్పుడు ఎక్కడున్నా, ఎటు తిరిగి ఉన్నా, ఇంకా ఎంత దూరం’ అని చూసుకుంటూ, పక్కకి పోతే సర్దుకుంటూ గీస్తుంది. గుంతల రోడ్డు మీద బండి నడిపినట్టు. హ్యాండిల్ ఒక్క క్షణం కూడా స్థిరంగా ఉండదు, కానీ మనం ఇంటికి చేరతాం. అందుకే ఆ గీతలు చేత్తో గీసినట్టు ఉంటాయి. వణుకు కలపడం వేరు, సర్దుకోవడం వేరు. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా తెలిసింది, అది కూడా మా అమ్మమ్మ దగ్గర. వస్తా దానికి.

ఇంకో ముచ్చట, ఇది తర్వాతి రోజులది. కోహెన్ చిన్న పిల్లలు బొమ్మలు వెయ్యడం గమనించాడు. మొదట్లో పిల్లలు కాగితం మీద ఊరికే గజిబిజిగా గీకుతారు. ఒక వయసులో ఏమవుతుందంటే, ఆ గజిబిజి గీత బయటికొచ్చి, తిరిగి ఆ గజిబిజి చుట్టూ ఒక చుట్టు చుడుతుంది. అప్పుడు అది ‘అమ్మ’ అవుతుంది, ‘కుక్క’ అవుతుంది. కోహెన్ ఇదే ఆరన్‌కి నేర్పాడు: ముందు లోపల ఒక అస్థిపంజరం లాంటిది గియ్యి, తర్వాత దాని చుట్టూ గీత తిప్పు. దీంతో ఆరన్ బొమ్మల్లో ఒక్కసారిగా ఏవో జీవాలు ఉన్నట్టు అనిపించడం మొదలైంది.

తాబేలు సమస్య

1970ల చివర్లో కోహెన్ ఒక చిన్న చక్రాల బండి చేశాడు. దాన్ని టర్టిల్ అనేవారు, తాబేలు. పెన్ను పట్టుకుని నేల మీద పరిచిన పెద్ద కాగితం మీద తిరుగుతూ బొమ్మ వేసేది. 1979లో శాన్‌ఫ్రాన్సిస్కో మోడర్న్ ఆర్ట్ మ్యూజియంలో పెడితే జనం విరగబడి చూశారు.

కోహెన్‌కి అదే ఇబ్బంది అయింది. ఎందుకంటే జనం బొమ్మని చూడట్లేదు, తాబేలుని చూస్తున్నారు! ‘భలే తిరుగుతోందే’ అనుకుంటున్నారు. ఆయన ఏం చేశాడు? తాబేలుని పక్కన పెట్టేశాడు. మామూలు ప్లాటర్‌కి మారిపోయాడు. హిట్ అయిన ఫీచర్‌ని తీసేశాడండి! మనమైతే దానికో ఇన్‌స్టా పేజీ పెట్టేవాళ్ళం. ‘నా ప్రశ్న బొమ్మ గురించి, బండి గురించి కాదు’ అని గుర్తున్నవాడే ఆ పని చెయ్యగలడు.

1980ల మధ్యకి వచ్చేసరికి ఆరన్ మనుషుల్ని, మొక్కల్ని వెయ్యడం మొదలుపెట్టింది. ఇక్కడ కూడా ఒక్క ఫోటో ఇవ్వలేదు. శరీరంలో ఏ భాగం ఎంత ఉంటుంది, ఏ కీలు ఎటు వంగుతుంది, కొమ్మ ఎలా చీలుతుంది, ఆకులు ఎలా వస్తాయి, ఇవన్నీ రూల్స్‌గా రాశాడు. 1985లో జపాన్ త్సుకుబా ఎక్స్‌పోలో అమెరికా పెవిలియన్‌లో ఆరన్ బొమ్మలు వేసింది. పేరొచ్చింది. 1991లో పమేలా మెకార్డక్ ఆరన్ మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు.

కానీ అప్పటిదాకా అందరూ చూసిన రంగుల బొమ్మల్లో గీతలు ఆరన్‌వి, రంగులు కోహెన్‌వి. గీత అవ్వగానే ఆయన కూర్చుని చేత్తో రంగులు వేసేవాడు. ఇది ఆయన్ని తొలిచేది. బొమ్మ వెయ్యగలిగిన ప్రోగ్రామ్‌కి రంగు వెయ్యడం ఎందుకు రాదు?

రంగుల దగ్గర ఆగిపోయిన రంగుల నిపుణుడు

నాకు ఈ చరిత్రలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ప్రపంచంలో రంగుల గురించి బాగా తెలిసినవాళ్ళలో ఒకడు, తన ప్రోగ్రామ్‌కి రంగులు నేర్పలేక ఏళ్ళ తరబడి ఇరుక్కుపోయాడు. ఎందుకంటే తనకి రంగు ఎలా తెలుసో తనకే తెలీదు. పెయింటర్ రంగు వేస్తాడు, వెనక్కి జరిగి చూస్తాడు, బాలేకపోతే మారుస్తాడు. కన్ను ఉంది కాబట్టి సరిపోయింది. ఆరన్‌కి కన్ను లేదు. కెమెరా లేదు. వేసింది చూసి దిద్దుకునే అవకాశం లేదు. అంటే ముందే ఆలోచించుకుని రంగు ఎంచుకోవాలి. మనిషి ఎప్పుడూ చెయ్యని పద్ధతిలో చెయ్యాలి.

ఇది వంటింట్లో చూడండి. ‘పప్పులో ఉప్పెంత?’ అంటే అమ్మ ‘సరిపడా’ అంటుంది. ఆవిడకి నాలుక ఉంది, రుచి చూసి వేస్తుంది. నాలుక లేనివాడికి రెసిపీ రాయాలంటే ‘సరిపడా’ అన్న మాట పనికిరాదు కదా.

రెండు పనులతో దారి దొరికింది. ఒకటి, ఆయన ఆరన్ని లిస్ప్ భాషలో మళ్ళీ రాశాడు. అంతకుముందు వాడిన సీ భాషలో రంగు గురించిన ఆలోచనలు చెప్పడం కష్టంగా ఉందని. రెండోది అసలైనది: రంగులో అన్నిటికంటే ముఖ్యం ఎరుపా నీలమా అన్నది కాదు, ఎంత వెలుతురు ఎంత ముదురు అన్నది అని ఆయన పట్టుకున్నాడు. ముందు లేత, ముదురు పంపకం సరిగ్గా ఉంటే, మిగతాది దాని మీద నిలబడుతుంది. బ్లాక్ అండ్ వైట్ సినిమాలో కూడా ఏది ముందుందో ఏది వెనకుందో మనకి తెలుస్తుంది, అదే సూత్రం.

1995లో బోస్టన్‌లోని కంప్యూటర్ మ్యూజియంలో ఒక మెషిన్ పెట్టాడు. అది రంగులు కలుపుకునేది, కుంచె పట్టి కాగితం మీద వేసేది, తర్వాత తన గిన్నెలు తనే కడుక్కునేది. ఇరవై ఏడేళ్ళ కృషి. చాలామంది అయితే అక్కడ ‘అయిపోయింది’ అని దండం పెట్టేవాళ్ళు. ఆయన ఆగలేదు. ఆ మెషిన్ని దాటి పెద్ద ప్రింటర్లకి వెళ్ళాడు. 2000ల మొదట్లో రే కర్జ్‌వైల్ సంస్థ ద్వారా ఆరన్ స్క్రీన్‌సేవర్‌గా కూడా వచ్చింది. చివరి ఏళ్ళలో అయితే కథ వెనక్కి తిరిగింది: ఆరన్ గీసిన బొమ్మల మీద కోహెన్ టచ్‌స్క్రీన్ పెట్టుకుని వేళ్ళతో రంగులు వేశాడు. ఎనభై దాటిన మనిషి మళ్ళీ తన చేత్తో! ప్రోగ్రామ్‌ని పూర్తిగా ఒంటరిగా వదిలేస్తే తనకి చెయ్యడానికి ఏం మిగల్లేదు, అది ఆయనకి నచ్చలేదు.

2016 ఏప్రిల్‌లో ఆయన చనిపోయాడు. చనిపోయాక కూడా కొత్త బొమ్మలతో ప్రదర్శన పెట్టగల మొదటి ఆర్టిస్టుని నేనే అవుతానని ఆయన జోక్ చేసేవాడు. 2024లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఆరన్ ప్రదర్శన పెట్టారు. అందులో ప్లాటర్లు జనం ముందే ఆరన్ కోడ్‌తో బొమ్మలు వేశాయి. అంటే జోక్ నిజమే అయింది.

తంబరంలో కోలం

ఇప్పుడు మన వైపు వద్దాం. 1970లలో కోహెన్ కాలిఫోర్నియాలో ‘గీతకి రూల్ ఏంటి’ అని వెతుకుతున్న రోజుల్లోనే, మన పక్కన మద్రాసులో, తంబరంలోని మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో ఇంకో ముగ్గురు అలాంటి పనే చేస్తున్నారు. గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్. 1974లో కోలం మీద వీళ్ళు ఒక పరిశోధన వ్యాసం రాశారు. కోలం అంటే తమిళుల ముగ్గే.

వాళ్ళ ఆలోచన సింపుల్‌గా చెప్తా. కంప్యూటర్ భాషలకి వ్యాకరణం ఉంటుంది కదా, ఈ గుర్తు ఉన్న చోట ఆ గుర్తులు రాయొచ్చు అని. మాటల్లో గుర్తులు ఒక వరుసలో వస్తాయి. ముగ్గులో అడ్డంగా నిలువుగా, గళ్ళల్లో వస్తాయి. కాబట్టి గళ్ళకి కూడా వ్యాకరణం రాస్తే? చిన్న ముగ్గు నుంచి అదే రూల్ మళ్ళీ మళ్ళీ వాడి పెద్ద ముగ్గు పుట్టించొచ్చు. వాకిట్లో ఆడవాళ్ళు తెల్లవారుజామున చేస్తున్న పనిలో ఒక వ్యాకరణం ఉందని కంప్యూటర్ సైన్స్ పత్రికలో రాశారన్నమాట. నేను బీటెక్‌లో ఫార్మల్ లాంగ్వేజెస్ సబ్జెక్టు చదివాను, పాసయ్యాను. ఈ వ్యాసం సంగతి ఒక్కరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ సబ్జెక్టు ఎందుకో అప్పుడే అర్థమయ్యేది.

సందు చుక్క

సరే, నా ప్రాజెక్టు ఎక్కడ చెడిందో ఇప్పుడు చెప్తా.

అమ్మమ్మ పుస్తకంలో ప్రతి ముగ్గు పక్కన ఒక లైను ఉంటుంది. మొదటి పేజీలో, ‘13 చుక్కలు, 7 వచ్చే వరకు సందు చుక్క’. నేను దాన్ని చూసి 13, 11, 9, 7 అని కోడ్ రాశా. మధ్యలో 13, పైకి మూడు వరుసలు, కిందికి మూడు వరుసలు. మొత్తం 67 చుక్కలు. బొమ్మ ఎంత చేసినా కుదరట్లేదు. లైబ్రరీ మార్చా, భాష మార్చా, పైథాన్ వదిలి జావాస్క్రిప్ట్‌కి వెళ్ళా. యాప్ చేద్దాం, అందులో రంగులు పెడదాం, పక్కింటివాళ్ళకి షేర్ చేసే బటన్ పెడదాం. అదే ‘ముగ్గు ఫైనల్ 2’. రెండేళ్ళు పోయాయి. అసలు విషయం అమ్మమ్మని అడగనే లేదు.

పోయిన దసరాకి ఊరు వెళ్ళినప్పుడు, కోహెన్ పిల్లల్ని గమనించిన సంగతి బుర్రలో ఉంది కాబట్టి, ల్యాప్‌టాప్ మూసేసి అమ్మమ్మ ముందు పలక, సుద్దముక్క పెట్టి కూర్చున్నా. ‘మొదటి పేజీది వెయ్యవా’ అన్నా. నా స్క్రీన్ ముందే చూసింది కదా, నవ్వింది.

‘ఒరేయ్, అది ఎదురు చుక్కరా నువ్వు పెట్టింది. సందు చుక్క అంటే రెండు చుక్కల సందులో పెట్టాలి. ఒక్కొక్కటే తగ్గుతుంది.’

13, 12, 11, 10, 9, 8, 7. పైకి ఆరు, కిందికి ఆరు. 127 చుక్కలు. నేను అరవై చుక్కలు మింగేశాను! ఆ ఒక్క ‘సందు’ అన్న మాటలో డేటా స్ట్రక్చర్ మొత్తం ఉంది. నేను దాన్ని అలంకారం అనుకుని వదిలేశా.

నెలరోజుల్లో కోడ్ సరిచేశా. సంక్రాంతికి ట్యాబ్ పట్టుకెళ్ళి అరుగు మీద కూర్చున్న అమ్మమ్మకి చూపించా. బటన్ నొక్కగానే ముగ్గు మొత్తం టక్కున వచ్చేసింది. నేను మెచ్చుకుంటుందని చూస్తున్నా. ఆవిడ చాలాసేపు చూసి, ‘బానే ఉంది. కానీ ముగ్గు ఇలా పైనుంచి ఊడిపడదురా. వేస్తే వస్తుంది’ అంది.

నాకు కాస్త కోపం వచ్చిన మాట నిజం. నాలుగేళ్ళ తర్వాత ఇదా అనుకున్నా. రాత్రి పడుకున్నాక దసరాకి తీసిన పలక వీడియో మళ్ళీ చూశా. అమ్మమ్మ ముందు చుక్కలన్నీ పెడుతుంది. ఒక మూల రేకు వేస్తుంది, పలక తిప్పుతుంది, ‘ఇదే అన్ని పక్కలా’ అంటుంది. చెయ్యి వణికి ఒక రేకు కొంచెం పెద్దదైతే, దాన్ని చెరపదు. పక్క రేకుని దానికి తగ్గట్టు లాగుతుంది. చివరికి ముగ్గు మొత్తం సరిపోతుంది. కోహెన్ ఆరన్‌కి రాసిన సర్దుకునే గీత గుర్తొచ్చింది. ఆయన ఆలోచించి రాసింది అమ్మమ్మ వేళ్ళలో ఎప్పట్నుంచో ఉంది. నేను దానికి నకిలీ వణుకు ఫిల్టర్ పెడదామని లిస్టులో రాసుకున్నా, సిగ్గేసింది.

ఆ మర్నాడు ఫీచర్ల లిస్టు చింపేశా. యాప్ లేదు, రంగులు లేవు, షేర్ బటన్ లేదు. నూటనలభై కాదు, పదకొండు ముగ్గులు. ప్రోగ్రామ్ అమ్మమ్మ వేసిన వరుసలో, చుక్కల దగ్గర్నుంచి, ఒక్కో గీత వెయ్యాలి. అంతే. ఉగాదికల్లా అయిపోయింది. ఈసారి ఫోల్డర్‌కి ‘ఫైనల్’ అని పేరు పెట్టలేదు, ‘11 ముగ్గులు’ అని పెట్టా.

ఇప్పుడు మీరు అడగొచ్చు, ఇవాళ ఏఐ టూల్‌కి ‘సంక్రాంతి ముగ్గు’ అని టైప్ చేస్తే పది సెకన్లలో వస్తుంది కదా, ఈ కష్టమంతా ఎందుకు అని. వస్తుంది. నేనూ ట్రై చేశా. చాలా అందంగా వచ్చింది. చుక్కలు లెక్కపెడితే ఒక వరుసలో పన్నెండున్నర ఉన్నాయి! ఈ టూల్స్ లక్షల బొమ్మల్ని చూసి నేర్చుకున్నవి. ఆరన్ ఒక్క బొమ్మనీ చూడలేదు, దానికి తెలిసిందల్లా ఒక మనిషి ఆలోచించి రాసిన రూల్స్. రెండూ బొమ్మలే వేస్తాయి. కానీ ఆరన్ని రాసేటప్పుడు కోహెన్‌కి తను ఏం చేస్తాడో తనకి తెలిసొచ్చింది. నాకు ‘సందు’ అంటే ఏంటో తెలిసొచ్చింది. ఆ తెలియడం కోసమే చేస్తున్నామంటే ఈ దారి తప్ప వేరే దారి లేదు. బొమ్మ మాత్రమే కావాలంటే టూల్ వాడండి, తప్పేం లేదు.

మరి సొంత ప్రాజెక్టు ఎప్పుడు పూర్తయినట్టు? కోహెన్ ప్రశ్న పెద్దది, అది ఆయన జీవితం కంటే పెద్దదైంది. కానీ ఆయన ప్రతి దశలోనూ ఏదో ఒకటి పూర్తి చేసి గోడకి తగిలించాడు. 1979లో తాబేలు గీసిన గీతలు. తగిలించాడు. 1985లో మనుషులు వచ్చారు, రంగులు చేత్తో వేసినవే. తగిలించాడు. ‘అన్నీ అయ్యాక చూపిస్తా’ అని దాచుకుని ఉంటే మనకి ఆరన్ పేరే తెలిసేది కాదు. నేను చేసిన తప్పు అదే, ఒక్క ముగ్గు కూడా వెయ్యకుండా నూటనలభై ముగ్గుల యాప్ గురించి ఆలోచించడం.

ఒక్క విషయం చెప్పి ముగిస్తా. ఉగాదికి మొదటి ముగ్గుని పెద్ద కాగితం మీద ప్రింట్ తీసి అమ్మమ్మకి ఇచ్చా, ఫ్రేమ్ కట్టిద్దామని. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చుక్కలు లెక్కపెట్టింది. తర్వాత పెన్ను అడిగి, వణుకుతున్న చేత్తో కింద రాసింది: 13 చుక్కలు, 7 వచ్చే వరకు సందు చుక్క.

‘ఇది రాయకపోతే చూసేవాళ్ళు ఎలా వేస్తార్రా?’ అంది.

ఆ కాగితమే ఫ్రేమ్ కట్టించా. వీడియో చూస్తున్నవాళ్ళకి నా వెనక గోడ మీద కనిపిస్తోంది, అదే. మిగతా పది ప్రింట్ల కింద కూడా ఆ లైను కలిపా.

మీ ఇంట్లో కూడా ఇలాంటి ముగ్గుల పుస్తకం ఉంటే, ఒక్క పేజీ ఫోటో తీసి, కింద చుక్కల లెక్క రాసి కామెంట్స్‌లో పెట్టండి. ఆ లెక్క అర్థం కాకపోతే ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి, నాలా రెండేళ్ళు ఆగకండి.